అడగకూడని మాట

"ఎక్కడికిరా?" అనేసింది కన్యాకుమారి.

అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే తమ్ముడు త్రినాథ్ ఒక కాలు గుమ్మం అవతల పెట్టాడు. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే ఆ మనిషి వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపాగి గాని కదలకూడదు. శ్రీకూర్మంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే.

"ఏటక్కా నువ్వు?" వీధిలో ఆటో పక్కనుంచి సాయికిరణ్ అరిచాడు. త్రినాథ్‌తో పాటు వెళ్తున్నవాడు అతనే. "విశాఖలో ఇమానం అందాలంటే ఆమదాలవలసలో ఈ రైలే దిక్కు. తప్పిందంటే మీరొద్దు, ఇంకో జట్టు సిద్ధంగా ఉన్నాదని పడవ ఓనరు తెగేసి సెప్పీసినాడు."

త్రినాథ్ బ్యాగు దించాడు. వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. "ఆచారం ఆచారమేరా. అక్కా, నీళ్ళియ్యి."

"జీపీఎస్సు సూసి సముద్రాలు దాటించే కెప్టెనువి. అక్క నోటికి బయపడతావేటన్నా?" విసుక్కుంటూ సాయికిరణ్ లోపలికి వచ్చాడు.

కన్యాకుమారి గ్లాసు తెచ్చింది. "ఎలాగూ కూకున్నావు కదా, ఏ దారినెళ్తారో ఓపాలి సూపించు. మనసు కుదుటపడతాది."

త్రినాథ్ సముద్రం పటం తీసి బల్ల మీద పరిచాడు. ఎవరో ధనవంతుడు కొనుక్కున్న తెరచాప పడవ థాయిలాండులో, ఫుకెట్ రేవులో ఉంది. దాన్ని సీషెల్స్ దీవుల దాకా నడిపి అప్పగించాలి. ఇలా పడవల్ని దేశాలు దాటించి అప్పగించడమే త్రినాథ్ పని.

"ఇదిగో ఫుకెట్. నికోబార్ దిగువనుంచి పడమటికి తిరుగుతాం. శ్రీలంకలో ఆగి డీజిలు, నీళ్ళు నింపుకుంటాం. తర్వాత మాల్దీవులు. అక్కణ్ణుంచి..." పటం మీద వేలు ఆగిపోయింది.

"అక్కణ్ణుంచి?"

"నైరుతి మొదలైపోతాది. అంతా ఎదురుగాలే. జనవరిలో ఎళ్తే గాలి ఎనకనుంచి తోసీది. కాయితాలు తేలక మే నెల వచ్చీసింది. పోనీ ముందే భూమధ్యరేఖ దాటి దిగువనుంచి ఎళ్దామంటే దూరమని ఓనరు ఒప్పుకోలేదు. శ్రీలంకలో నాల్రోజులు ఆగి గాలి సూసుకుని ఎళ్తామన్నా ఒప్పుకోలేదు."

"మొన్న తిత్లీ తుపానుకి మనింటి రేకులు ఎగిరి పక్కోళ్ళ తోటలో పడ్డాయి. ఇల్లంటే నేలకి పాతుకుని ఉన్నాది. పడవకేటి ఆధారంరా? ఆడొప్పుకోపోతే నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

సాయికిరణ్ అందుకున్నాడు. "ఒప్పుకోక? ఓడ ఉద్యోగం మానుకుని నేనొచ్చింది అన్న మాట మీదే. అక్కకి బయపడి ఆగినోణ్ణి ఎవుడూ ఏటీ అనడు. గాలికి బయపడి ఆగినోణ్ణి మళ్ళీ ఎవుడు పడవెక్కిస్తాడక్కా?" అని పెద్దగా నవ్వాడు.

త్రినాథ్ కూడా నవ్వాడు. గ్లాసు ఖాళీ చేసి, "ఇంకో గ్లాసియ్యి" అన్నాడు. చేదుమందు తాగినట్టు గుక్క గుక్కకీ ఆగి తాగాడు.

కన్యాకుమారి గుమ్మం వైపు చూసింది. ఇదే గుమ్మంలోంచి ఒకనాడు మొగుణ్ణి నవ్వుతూ సాగనంపింది. ఆయన మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరు చెప్పులు తొడుక్కున్నా, గుండెలో ఎవరో తలుపులు ఒక్కొక్కటే మూసేస్తున్నట్టు ఉంటుంది. ఇందాక నోరు జారింది ఆ భయంతోనే. తలెత్తి తమ్ముడి మొహం చూసింది. కట్టేసిన పశువు చూపులా ఉంది వాడి చూపు. కట్టేసింది తనే కదా అనుకుంది. సముద్రాలు దాటే మనిషిని ఒక్క మాటతో బల్లకి కట్టేసింది.

"ఇక లే అన్నా." సాయికిరణ్ బ్యాగు భుజానికెత్తుకున్నాడు. "అక్కా, నీకో దండం. ఈపాలి అడిగినావంటే రైలు దాటిపోద్ది."

"అడగన్రా. కూర్మనాథుడి మీద ఒట్టు."

త్రినాథ్ ఆమెకేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పటం మడిచాడు. మడత కుదరలేదని విప్పి మళ్ళీ మడిచాడు. గుమ్మం దగ్గర వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాడు. వెనక్కి తిరిగాడు. కన్యాకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళతోనే నవ్వింది.

టోపీ మరిచిపోయానంటూ లోపలికి వచ్చాడు. టోపీ అతని చేతిలోనే ఉంది. పాపం, కంగారు పెట్టేశాను పిల్లాణ్ణి అనుకుంది ఆమె. పెదవి మాత్రం కదపలేదు.

వీధిలో ఆటో స్టార్టయింది. సాయికిరణ్ ఎక్కి కూర్చుని హారన్ కొట్టించాడు.

త్రినాథ్ వంగి అక్క కాళ్ళకు దండం పెట్టాడు. ఆమె తల మీద చెయ్యి వేసింది. అతను లేవలేదు. పాదాలు పట్టుకున్న చేతులు చల్లగా, చెమటతో తడిసి ఉన్నాయి.

ఆటో చప్పుడులో ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు: "ఇంకోపాలి అడుగక్కా... ఎక్కడికని."