ఒక్క అవును

ఆ నెలలో అది మూడో హత్య. బడిపంతులు లింగమూర్తిని జెండా సేనవాళ్లు పట్టపగలు కొట్టి చంపారు. కెమెరాల్లో ముఖాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. అయినా కొత్త చట్టం ప్రకారం, పట్టణంలో సగం మంది ఫోన్లో 'అవును' నొక్కితేనే ఇన్‌స్పెక్టర్ భిక్షపతి దర్యాప్తు మొదలుపెట్టాలి. సాయంత్రానికి నొక్కింది ఒక్కరే, పంతులు భార్య.

భిక్షపతి ఇంటికొచ్చేసరికి భార్య సులోచన బెండకాయలు తరుగుతోంది.

"నువ్వేం నొక్కినవ్?" అని అడిగాడు.

"కాదనే. ఎవరేం నొక్కిన్రో సేనోళ్లకు తెలుస్తదట. మన పిల్ల ఒక్కతే బడికి పోతది గదా. మరి మీరు?"

"నేను గూడ గదే," అన్నాడతను తల దించుకుని.

మర్నాడు పొద్దున అందరి ఫోన్లూ మోగాయి. పంతులు భార్య హత్యపై దర్యాప్తు కావాలా అని అడుగుతున్నారు. భిక్షపతి ఫోన్ తీసి ఆ ప్రశ్నను మళ్లీ మళ్లీ చదివాడు. సులోచన వచ్చి, మెల్లగా అతని వేలు పట్టుకుని 'కాదు' మీద పెట్టింది.