పాడినవారి పేరు

చక్రపాణి మాస్టారు లైబ్రరీ గది గుమ్మంలోనే ఆగిపోయారు.

మోకాలి నొప్పి కాబోలనుకుని శిష్యురాలు కావ్యశ్రీ ఆయన చెయ్యి పట్టుకుంది. “రండి మాస్టారూ, కూర్చోండి. ఈవిడే మ్యూజిక్ కేటలాగర్, అవని గారు. మన బాక్సెస్ అన్నీ చూసింది ఈవిడే.”

అవని లేచి నిలబడి నమస్కారం పెట్టింది. ఆయన తల ఊపీ ఊపనట్టు ఊపి, ఆమె ఎదురుగా ఉన్న కుర్చీ వదిలేసి కిటికీ పక్కన కూర్చున్నారు.

అమెరికాలో ఈ మోరిస్‌విల్ ఊళ్లో మాస్టారిని ఎరగని తెలుగు కుటుంబం లేదు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం ఇంటి బేస్‌మెంట్‌లో సంగీతం క్లాసులు. ఉద్యోగం మానేసినా క్లాసులు మానలేదు. ఆ క్లాసుల్లో రికార్డు చేసిన క్యాసెట్లన్నీ కావ్యశ్రీ పట్టుబట్టి ఈ యూనివర్సిటీ లైబ్రరీకి ఇప్పించింది. ఈమెయిళ్లన్నీ తనే నడిపింది. మాస్టారు వచ్చింది సంతకానికి మాత్రమే.

లైబ్రరీలో తెలుగు చదవగలిగింది అవని ఒక్కతే. అందుకని పని ఆమె మీద పడింది. పెట్టెలు వచ్చాక కూడా చాలా రోజులు వాటి మూత తీయలేదు. తీశాక మాత్రం ఒళ్లు దాచుకోకుండా చేసింది. ఏ క్యాసెట్‌లో ఏ రాగం, ఏ తాళం, పాడిందెవరు, వయొలిన్ ఎవరిది, అన్నీ విని రాసింది. రేపు ప్రపంచంలో ఏ మూల నుంచి ఎవరు వెతికినా దొరకాలి మరి.

“ఒక్క క్యాసెట్ మిగిలింది,” అంది అవని. “పాడినవారి పేరు లేదు. మీరు చెబితే వేస్తాను.”

మీట నొక్కింది.

తంబురా శ్రుతి మీద ఒక ఆడపిల్ల గొంతు లేచింది. తోడి రాగం. చిన్న వయసే, కానీ ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆ గొంతు గాంధారం పట్టుకుని ఊగుతుంటే కావ్యశ్రీ ఊపిరి బిగపట్టి వింది.

“ఓ మై గాడ్! ఎవరు మాస్టారూ? మన క్లాస్‌లో నేను ఎప్పుడూ చూడలేదే!”

మాస్టారు పార్కింగ్ లాట్ వైపు చూస్తున్నారు.

పాట అయిపోయింది. క్యాసెట్‌లో ఒక మగగొంతు “భేష్ తల్లీ!” అంది. అది మాస్టారి గొంతే.

“మా అమ్మాయి,” అన్నారాయన. “ఇప్పుడు లేదు.”

కావ్యశ్రీ మొహం పాలిపోయింది. “మీకు డాటర్ ఉండేదని నాకు తెలీదు మాస్టారూ. ఐయామ్ సో సారీ. ఎలా...?”

“కారెక్కి వెళ్లింది. మర్నాడే తొలి కచేరీ. హాలంతా పువ్వులు కట్టించి పెట్టాం. మళ్లీ ఇంటికి రాలేదు.”

“కార్ డ్రైవ్ చేసింది ఎవరు?”

“ఎవడో. వాడికేం, నిక్షేపంగా ఉన్నాడు.”

కావ్యశ్రీ కళ్లు తుడుచుకుంది. అవని వేళ్లు కీబోర్డు మీద ఆనించి, తెర వైపే చూస్తోంది.

“పేరు చెప్పండి,” అంది.

“పేరెందుకు? శిష్యురాలు అని వేయండి.”

“తెలిసిన పేరు వేయకుండా ఉండకూడదు. అది మా రూల్. పేరు లేకపోతే ఆ పాట ఇక్కడ ఉన్నా లేనట్టే.”

“అయితే తెలియదని వేయండి.”

“కన్నకూతురి పేరు తెలియదా మీకు?”

“ప్లీజ్ అండీ!” కావ్యశ్రీ కసిరింది. “హీ లాస్ట్ హిజ్ డాటర్. కొంచెం కైండ్‌గా మాట్లాడండి.”

“సారీ,” అంది అవని. కావ్యశ్రీతోనే అంది.

“ఆ చివరి మాట కూడా తీసేయండి,” అన్నారు మాస్టారు. “ఆ భేష్ అన్నది.”

“తీయలేను. ఉన్నది ఉన్నట్టు దాచడమే నా పని.”

“అది నా గొంతు. అన్నది నేను.”

“అవును. మీరే అన్నారు.”

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగారు.

కావ్యశ్రీయే తేరుకుంది. “మాస్టారూ, ఈ కలెక్షన్‌కి మీ అమ్మాయి పేరే పెట్టేద్దామా? తన మెమరీలో ఒక కచేరీ కూడా చేద్దాం. అందరం వస్తాం, నేను ఆర్గనైజ్ చేస్తాను.”

“వద్దు. ఆ ఊసే వద్దు. ఎప్పుడో అయిపోయిన విషయం.”

అవని ఆయన మొహంలోకి ఒక్కసారి చూసింది. ఆయన చూడలేదు. ఖాళీగా ఉన్న చోట మెల్లగా టైపు చేసింది. తెర ఆయన వైపు తిప్పింది.

*గాయని: పేరు తెలియదు.*

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. తల ఊపారు. కాగితం మీద చకచకా సంతకం పెట్టి పెన్ను బల్ల మీద పడేశారు.

“కార్ ముందుకి తెస్తాను, మీరు నడవొద్దు,” అంటూ కావ్యశ్రీ తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

తలుపు మూసుకుంది. ఇద్దరే మిగిలారు. మాస్టారు కర్ర అందుకుని లేచి, గోడకేసి చూస్తూ నిలబడ్డారు.

“నాకు ఏటా తద్దినం కూడా పెడుతున్నారా, నాన్నా?” అని అడిగింది అవని.