పెద్దమ్మ తోడు పరీక్ష

"మూడో రోజు! కళ్ళు పెట్టి చూడు" అంటూ పెద్దమ్మ గిన్నెను ఒంటెపాలాయన ముక్కు కిందికి తోసింది.

గిన్నెలో పెరుగు లేదు. నిన్న పోసిన పాలు పోసినట్టే ఉన్నాయి.

ముప్పై ఏళ్ళు పెరుగు కొట్టు నడిపిన మనిషి ఆవిడ. ఎవరు పాలు తెచ్చినా వాసన చూడదు, రుచి చూడదు. తోడు వేస్తుంది, అంతే. తెల్లారేసరికి గడ్డ కట్టాయా, మంచి పాలు. లేదా, పోసినవాడి పని అయిపోయినట్టే. ఇప్పటికే ఇద్దరు పాలవాళ్ళు ఈ వీధి మొహం చూడటం మానేశారు.

"చుక్క నీళ్ళు కలపలేదు పెద్దమ్మా, ఒట్టు! ఒంటె పాలలో క్రిములతో పోరాడే గుణం ఉంటుందట. పశువుల డాక్టరు చెప్పాడు. మీరేసే తోడుని కూడా ఓ పట్టాన పనిచెయ్యనివ్వదట."

"ఓహో! పాలలో నీళ్ళు చాలక నా చెవిలో పువ్వులు కూడానా?"

చుట్టుపక్కల గుమ్మాల్లో నవ్వులు. ఒంటెపాలాయన మొహం చిన్నబోయింది.

పెద్దమ్మకు జాలేసింది. ఉన్న రెండు ఒంటెల మీదే ఆ ఇంట్లో ఆరుగురు బతుకుతున్నారని ఆవిడకు తెలుసు.

"సరే, ఇంకొక్క రోజు. ఈసారీ తోడుకోలేదో, వీధిలో ఒక్క ఇల్లు నీ పాలు ముట్టదు."

మర్నాడు అతను పాలు పోసి వెళ్ళాడు.

ఆ మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ వీధిలోకొచ్చి, అందరూ చూస్తుండగా గిన్నెను బోర్లించింది. చుక్క కారలేదు. పెరుగు రాయిలా బిగుసుకుపోయి ఉంది.

"చూశారా! గట్టిగా అడిగితేగాని అసలు పాలు బయటికి రాలేదు!"

ఇక చూడాలి సందడి. మాకంటే మాకని ఏడిళ్ళవాళ్ళు అక్కడికక్కడే వాడుక పెట్టుకున్నారు. ఒంటెపాలాయన మాత్రం తలొంచుకుని నిలబడ్డాడు. పాపం, చేసిన పనికి సిగ్గుపడుతున్నాడనుకుంది పెద్దమ్మ.

"దిద్దుకున్నావు, అది చాలు. ఇకమీదట ఇలాంటి పాలే పొయ్యి."

"అలాగే పెద్దమ్మా" అన్నాడు నెమ్మదిగా.

ఇంటికెళ్ళి, రెండు ఒంటెల పాలూ పిల్లలకి గ్లాసుల నిండా పోసేసి, రేపటినుంచి ఏడిళ్ళకు సరిపడా పాలు కావాలని చెప్పడానికి ఒంటెపాలాయన మళ్ళీ పక్కింటి గేదెల కొట్టానికి బయల్దేరాడు.