కార్బొరేటర్ సూది

"హారన్ బటనా?" కురోగి అరుపుకి పక్కింటి కుక్క లేచి మొరిగింది. "ఇంజనే లేవని కారుకి హారన్ ఎందుకు పెద్దాయనా? నన్ను ముందు నిలబడి పాం పాం అనమంటారా?"

ఇవకిరి ముసలాయన ఏమాత్రం చలించలేదు. బటన్‌ను గుడ్డతో ఇంకోసారి తుడిచి, బల్ల మీద రెండు టీ కప్పుల మధ్య పెట్టాడు.

"వారమంతా వెతికితే ఇదే దొరికింది. కూర్చో అబ్బాయ్. ముల్లంగి ఊరగాయ కొత్తది తీశాను."

కురోగి కూర్చోలేదు. పదకొండు ఆదివారాలుగా ఇదే వరస. తుప్పు పట్టి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టిన కారుని ఎగబడి మరీ ఈయన దగ్గర కొన్నాడు. విప్పిన చిన్న సామాన్లు కొట్టుగదిలో ఎక్కడో ఉన్నాయనీ, ఆదివారం వస్తే వెతికి ఇస్తాననీ పెద్దాయన అప్పుడే చెప్పాడు. మాట తప్పలేదు పాపం, ఇస్తున్నాడు. ఆదివారానికి ఒకటి! ఓ వారం అద్దం దించే పిడి, ఓ వారం సిగరెట్ బూడిద డబ్బా. ఈలోగా కురోగి తుప్పు గీకాడు, చిల్లులకి అతుకులేశాడు, రంగు కొట్టాడు, ఇంజను విప్పి బిగించాడు. అన్నీ అయ్యాయి. ఇంజనుకి పెట్రోలు కొలిచి వదిలే ఒక్క సూది తక్కువై కారు బొమ్మలా కూర్చుంది.

"కార్బొరేటర్ సూది ఇవ్వండి చాలు. మీకు దణ్ణం పెడతాను."

"అది మరీ చిన్నది కదా. వచ్చే ఆదివారానికి దొరుకుతుందేమో చూద్దాం."

"వచ్చే ఆదివారానికి కారే ఉండదు!"

పెద్దాయన టీ పోస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"మా ఆవిడ కొత్త బండి చూసుకుంది," అన్నాడు కురోగి, గుమ్మానికీ బల్లకీ మధ్య తిరుగుతూ. "మా ఇంటి ముందు ఒక్క బండికే చోటు. రేపు పొద్దున పోలీసు వచ్చి ఆ చోటు ఖాళీగా ఉందో లేదో చూస్తాడు. చోటుందని వాడు కాగితం ఇస్తేనే ఇక్కడ కొత్త బండి చేతికిస్తారు. ఈ సాయంత్రానికి ఇంజను లేస్తే కొత్తది మానేస్తానంది, ఈ పాతదాన్నే తోలుకుంటుందట. లేవలేదో, పాత ఇనుము లారీ వస్తుంది. వాడి నంబరు ఫ్రిజ్ మీద అంటించి పెట్టింది."

"పాత ఇనుమా? నొక్కేస్తారా?"

"నొక్కి ఇటుకలా చేస్తారు."

పెద్దాయన కప్పు కింద పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, కొట్లోకి వెళ్లాడు.

కురోగి చేతి గడియారం చూసుకున్నాడు. మూడు దాటింది. ఇక ఈ ముసలాయన పెట్టెలన్నీ కిందికి దించి, భూతద్దం పట్టుకుని కూర్చుంటాడు, తెల్లారినట్టే! చొక్కా చేతులు మడిచి సాయానికి వెళ్లబోయాడు. కానీ కొట్లో ఏ పెట్టె కదిలిన చప్పుడూ లేదు. ఒక్క బీరువా తలుపు తెరుచుకుని, మూసుకుంది. అంతే.

బియ్యం బిస్కెట్ల పెద్ద రేకు డబ్బా ఒకటి, గుడ్డలో ముడివేసి తెచ్చాడు పెద్దాయన.

"అన్నీ ఇందులోనే ఉన్నాయి. పట్టుకెళ్లు."

"అన్నీనా? మరి ఇన్నాళ్లూ..."

"దొరికాయిలే. ఇక్కడ విప్పకు, చిన్నవి జారిపోతాయి. ఇంటికెళ్లి విప్పుకో." గుమ్మం దాకా వచ్చి ఆగాడు. "టీ అయినా తాగలేదు."

"వేళ లేదు పెద్దాయనా!"

కురోగి ఆఫీసు వ్యాను ఎలా తోలాడో అతనికే తెలీదు. ఇంటి ముందు కారు దగ్గర భార్య సతోయే నిలబడి ఉంది, చేతిలో ఫోను పట్టుకుని.

"దొరికిందా, పిలవమంటారా?"

"ఆగవే తల్లీ, రెండు నిమిషాలు!"

కారు ముందు మూత మీదే డబ్బా పెట్టి ముడి విప్పాడు. లోపల పాత పేపరు పొట్లాలు, వరసగా, ఒద్దికగా సర్ది ఉన్నాయి. గబగబా ఒకటి చింపాడు. బల్బు. ఇంకోటి చింపాడు. తలుపు పిడి. మూడోది రబ్బరు ముక్క. చిరాకొచ్చి కాగితాలు నేల మీదికి విసురుతున్నాడు. సతోయే వంగి ఒకటి ఏరింది.

"వీటి మీద ఏదో రాసుందండీ. అక్టోబరు 19." ఇంకోటి తీసింది. "అక్టోబరు 26. ఇది నవంబరు 2." ఫోనులో కేలండరు తెరిచి, వేలితో నెలలు ముందుకి జరిపి చూసింది. "అన్నీ ఇక రాబోయే ఆదివారాలే."

కురోగి చేతులు నెమ్మదించాయి. మిగతావి చింపలేదు, ఒక్కొక్కటే మడత విప్పాడు. డిసెంబరు, కొత్త సంవత్సరం, మార్చి, జూన్. నలభై పైనే ఉన్నాయి. ప్రతిదానిలో నూనె రాసి మెరిపించిన ఒకే ఒక్క సామాను. సూది మాత్రం లేదు.

అడుగున ఒక్క పొట్లం మిగిలింది. ఆగస్టు 30. బరువే లేదు. విప్పితే అగ్గిపుల్లంత ఇత్తడి సూది అరచేతిలోకి జారింది. దానికి చుట్టిన చీటీని సతోయే పైకి చదివింది.

"ఆఖరిది ఇదే అబ్బాయ్. వచ్చే ఆదివారం రావడానికి వంక ఇక నువ్వే వెతుక్కో."