మూడు నెలల మొగుడు

“ఆఖరి పేరా మళ్లీ సదువు బావా,” అంది పునిత, రైస్ కుక్కర్ మూత పెడుతూ. ఒక్కదానికే అయినా రెండు గ్లాసుల బియ్యం పొయ్యడం ఆమె ఇంకా మానలేదు.

ఫోన్ తెర మీద తిబన్ ఇపోలో కిటికీ పక్కన కూర్చున్నాడు. అతని వెనక ఇంకా ఎండ ఉంది. ఇక్కడ కూచింగ్‌లో మాత్రం ఆమె లైటు వేసుకుంది. ఇద్దరి గడియారాల్లోనూ ఏడే. మధ్యనున్న సముద్రం పొద్దును కూడా పంచేసింది.

పెళ్లయి ఐదు నెలలు. మొదటి మూడు నెలలూ ఈ ఇంట్లోనే కాపురం. విమానాశ్రయంలో ఇచ్చిన తొంభై రోజుల చీటీని తిబన్ ఫ్రిజ్‌కి అంటించి, “నీ మొగుడి గ్యారంటీ కార్డు” అన్నాడు. ఆ రోజు ఇద్దరూ ఎంత నవ్వారో. దేశం ఒకటే అయినా, ఇపో మనిషి సముద్రం ఇవతలి సారవాక్ రాష్ట్రంలో చుట్టపుచూపుగా మాత్రమే ఉండొచ్చు. ఉద్యోగం చెయ్యాలంటే మాత్రం ఆ రాష్ట్రం పర్మిట్ ఇవ్వాలి. లిఫ్టులు బాగుచేసే కంపెనీ ఒకటి అతన్ని తీసుకుంటానంది. పర్మిట్‌కి బదులు కుదరదని ఉత్తరం వచ్చింది. అతను వెళ్లిపోయాక అతని సబ్బుబిళ్ల అరగకుండా ఆమె అల్మరాలో దాచుకుంది.

తిబన్ మలయ్ ఉత్తరాన్ని తెలుగులోకి తిప్పుతూ చదివాడు. “పౌరుడికి దేశంలో ఎక్కడైనా తిరిగే, నివసించే హక్కు ఉంది. అయితే ఈ రాష్ట్రంలో ఆ హక్కు రాష్ట్రం అనుమతికి లోబడి ఉంటుంది. వివాహం...”

“వివాహం దానంతట అదే అనుమతి కాదు.”

“సూడకుండా సెప్పేసినావు.”

“నిన్న నువ్వే పదిసార్లు సదివినావు.”

“ఏటే, రాజ్యాంగం అందరికీ ఒకటే కాదా? మీ రాష్ట్రానికి వేరే దేవుడా?”

“మిగతా రాష్ట్రాలు నిన్ను ఆపలేవు. మావాళ్లు దేశంలో కలిసినప్పుడే, తలుపు తాళం మా దగ్గరే ఉంటాదని షరతు పెట్టినారు. అదీ రాజ్యాంగంలోనే ఉంది.”

“అయితే నా హక్కు సముద్రం దాటలేక మునిగిపోయినట్టే.”

“అలా కాదు. తాళం ఉంది కదా అని ఇష్టమొచ్చినట్టు వెయ్యకూడదు. ఎవరో ఒకరు నిలబడి అడగాల. అప్పుడే హక్కు రాష్ట్రాన్ని కూడా కట్టేస్తాది.”

“నువ్వే ఇపో వచ్చెయ్ లాహ్,” అన్నాడు తిబన్, మలయ్ యాసలో బతిమాలుతూ.

“సర్కారు నన్ను సదివించినాది. బాండు ఇంకా నాలుగేళ్లుంది.”

“అందుకే సెప్తన్నాను, ఆ లాయరు సదువు నాకోసం వాడు. శుక్రవారం లోపల అప్పీలు ఎళ్లాల. లేకపోతే కంపెనీ ఇంకొకణ్ణి తీసుకుంటాది. నేను నీకు ఏడాదికి మూడు నెలల మొగుణ్ణి.”

పునిత లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. మూడు సాయంత్రాలుగా రాసి చెరుపుతోంది.

“సందు దొరకడం లేదు బావా. ఎటునుంచి ఎళ్లినా ముందే మూసేసి ఉంది.”

“రాసినోడు ఎవడో గానీ తెలివైన ఎదవ. పేరు కూడా లేదు. ‘పాత న్యాయ సలహా ప్రకారం’ అంట. అందరి ఉత్తరాల్లోనూ అదే ముక్క అతికిస్తన్నారు. మీ సర్కారు లా ఆఫీసులో కనుక్కోరాదా?”

“కనుక్కుని ఏటి సేస్తావు?”

“ఆడి పెళ్లాం ఎలా వేగతందో సూద్దామని. పెళ్లయినోడు ఇలాటి మాట రాయలేడు.”

“నిజమే,” అంది పునిత.

అన్నం ఉడికింది. రోజూలాగే ఇద్దరూ కంచాలు ఫోన్ల ముందు పెట్టుకున్నారు. అతను గుడ్డుకూర ముద్ద తెరకి చూపించి ఆఁ అన్నాడు. ఆమె నోరు తెరిచింది. అతను గబుక్కున తనే తినేశాడు. పునిత ఫక్కున నవ్వింది. తర్వాత అక్కడా ఎండ పోయింది. అతను రాత్రి పనికి వెళ్లాలని ఫోన్ పెట్టేశాడు.

కుక్కర్‌లో మిగిలిన అన్నం చల్లారిపోతుండగా ఆమె అప్పీలులో మొదటి వాక్యం టైప్ చేసింది.

“ఈ సలహా రాసినవారు పొరబడ్డారు.”

ఈసారి చెరపలేదు.

ఆ సలహా రాసేనాటికి పునితకు పెళ్లి కాలేదు.