ఆ సబ్బు మాకొద్దు

పొద్దున్నుంచి ఒక్క సబ్బూ అమ్ముడుపోలేదు.

భుజం మీది సంచి దింపి, సబ్బులాయన దర్జీ కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు. ఇంట్లో ఆవిడకు ఆయాసానికి పీల్చే మందు నిన్ననే అయిపోయింది. చీకటి పడేలోగా పది సబ్బులైనా అమ్మితే గానీ కొత్తది రాదు. అందుకే తననెవరూ ఎరగని పేట చూసుకుని, ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు.

"సగం ధరకే ఇస్తా బాబాయ్. ఒకటి తీసుకో."

దర్జీ మిషన్ ఆపి, సబ్బు మీద పేరు చూశాడు.

"ఈ కంపెనీదా? అక్కడ పనివాళ్లు నలభై రోజులుగా సమ్మెలో ఉన్నారయ్యా. వాళ్లు గెలిచేదాకా నేనిది ముట్టను. వేరే సబ్బు పడక ఒళ్లంతా దద్దుర్లు. మా ఆవిడ మంచం కూడా వేరే వేసుకుంది."

"నువ్వొక్కడివి కొనకపోతే కంపెనీ మునిగిపోతుందా?"

"మునగదు. నేను మాత్రం గోక్కుంటూ హాయిగా నిద్రపోతున్నా."

నవ్వాలో ఏడవాలో తెలియక సబ్బులాయన సంచి ఎత్తుకున్నాడు. ఎదురింటివాళ్లు తలుపేసుకున్నారు. ఆ పక్కింటి ముసలాయన నేరుగా కుక్కనే పిలిచాడు.

చివరి ఇల్లు రిటైరైన టీచరమ్మది. మంచినీళ్లిచ్చింది. తాగేదాకా ఆగి మరీ తిట్టింది.

"చూస్తే పెద్దమనిషిలా ఉన్నావు. పస్తులుండి పోరాడేవాళ్ల కడుపు కొడతావా నాయనా?"

"ఒక్కటి తీసుకోండమ్మా. ఇంట్లో మందుకి..."

ఆవిడ చెయ్యి పర్సు దాకా వెళ్లింది.

"డబ్బులు కావాలంటే ఊరికే ఇస్తా. సబ్బు మాత్రం కొనను."

"అడుక్కోడానికి రాలేదమ్మా."

టీచరమ్మ నిట్టూర్చి లోపలికెళ్లి, ఒక కరపత్రం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నెల కిందట మా పేటలో పంచారు. రాసినవాడెవడో గానీ మనసు పెట్టి రాశాడు. ఇది చదివాకే వీధి వీధంతా ఆ సబ్బు మానేసింది. నువ్వూ చదువు, బుద్ధొస్తుంది."

అతను చదవలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, మెట్లు దిగాడు.

ఆఖరి జీతానికి బదులు కంపెనీ ఈ సబ్బులు అంటగట్టక ముందు, ఫ్యాక్టరీ గేటు దగ్గర నేల మీద కూర్చుని అందులో ప్రతి అక్షరం రాసింది తనే.