ఫిన్‌ను ఎలా ఎత్తుకోవాలంటే

“తోక ఎక్కడ పోయిందమ్మాయ్?” అన్నాడు ఓల్ట్‌మన్స్, విబ్కె రాసిన కాగితం మీద పెన్సిల్ ఆనించి.

మొదటి వాక్యమే తప్పు. ‘వాణ్ణి మెల్లగా ఎత్తుకోవాలి’ అని ఇంగ్లీషులో రాయబోయి ‘జెంటిల్’ దగ్గరే ఆపేసింది విబ్కె.

“మన జర్మన్‌లో రెండింటికీ ఒకటే మాట సరిపోతుంది. ఇంగ్లీషువాడు ఒప్పుకోడు. మనిషి ఎలాంటివాడో చెబితే జెంటిల్. పని ఎలా చేశాడో చెబితే వెనకాల ‘లీ’ అనే తోక తగిలించాలి. జెంట్లీ.”

ముప్పయ్యేళ్లు ఓడల మీద తిరిగి ఇంగ్లీషు ఒంటబట్టించుకున్న మనిషి ఓల్ట్‌మన్స్. లేర్ పట్నంలో బుధవారం నాలుగింటికి పెద్దవాళ్లకు పాఠం చెబుతాడు. విబ్కె చేరి మూడు వారాలైంది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి బేకరీలో చేరిన ఆమెకు ఈ తోకలు ఒక పట్టాన ఎక్కడం లేదు. దానికితోడు ఒళ్లో ఫిన్. పదహారు నెలలవాడు పెన్సిల్ కోసం ఒకటే పెనుగులాట.

“శుక్రవారానికి ఇది తప్పుల్లేకుండా కావాలండీ,” అంది విబ్కె. “ఆ రోజు నుంచి వీడు ఒకావిడ దగ్గర ఉంటాడు. ఆవిడకు జర్మన్ ముక్క రాదు. ఎలా ఎత్తుకోవాలో తెలియకపోతే వీడు బెంగపెట్టుకుంటాడు.”

పక్క కుర్చీలోంచి గెజీనె తొంగిచూసింది. పూలకొట్టు నడుపుతుంది, ఓడలో విహారానికి వెళ్లాలని ఇంగ్లీషు నేర్చుకుంటోంది.

“ఎవరామె?”

“ఐర్లండ్ ఆవిడ. చాలాకాలం జబ్బుపడి లేచింది. ఇప్పుడు బాగానే ఉంది.”

“జబ్బు మనిషి చేతిలో పెడతావా పసివాణ్ణి! అంత మునిగిపోయే పనేముంది నీకు?”

విబ్కె ఫిన్ కళ్ల మీద పడుతున్న జుట్టు పక్కకు తోసింది.

“ఆ జుట్టొకటి! మీ ఇంట్లో కత్తెర లేదా పిల్లా? నా పూలకత్తెర ఇస్తాను, పట్టుకెళ్లు.”

“ఇంకో రెండ్రోజులు ఆగుదామని.”

“విబ్!” అని అరిచాడు ఫిన్, పెన్సిల్ అందనందుకు.

“పేరు పెట్టి పిలుస్తాడూ? భలే పెంపకం!”

“నేనే అలా నేర్పాను,” అంది విబ్కె తలెత్తకుండా.

ఓల్ట్‌మన్స్ మిగతా వాక్యాలు చదువుకుంటూ పోయాడు. వీడు అన్నం నిదానంగా తింటాడు, తొందరపెట్టొద్దు. టీ పోసినప్పుడు కప్పులో కలకండ చిటపటమంటే పెద్దగా నవ్వుతాడు. ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆయన కనుబొమలు పైకి లేచాయి.

“ఉలిక్కిపడి లేస్తే గట్టిగా పట్టుకోవాలి అనేగా నీ ఉద్దేశం?”

“అవునండీ. ‘హార్డ్’కి మీరు చెప్పినట్టే తోక తగిలించాను.”

“కొన్ని మాటలకు తోక తగిలిస్తే అర్థం తిరగబడుతుందమ్మాయ్. ‘హార్డ్లీ’ అంటే అంతంతమాత్రంగా అని. పట్టుకున్నట్టే పట్టుకుని వదిలెయ్యమని రాశావు.”

గెజీనె పకపకా నవ్వింది. విబ్కె ముఖం పాలిపోయింది. మరీ గట్టిగా పట్టుకోకే అని ఆమె భర్త మొదటిరోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆమెకే చేతకాలేదు. రబ్బరు తీసుకుని కాగితం చిరిగేలా ఆ మాట చెరిపేసింది.

“టైట్లీ అని రాయి,” అన్నాడు ఓల్ట్‌మన్స్, గొంతు తగ్గించి. “వీడేం తింటాడో, ఎప్పుడు పడుకుంటాడో ఎవరైనా రాస్తారు. ఎలా తింటాడో, ఎలా పడుకుంటాడో నీలాంటిదే రాయాలి. బాగా రాశావు.”

గురువారం సాయంత్రం కాగితం శుభ్రంగా మళ్లీ రాసింది. ఫోన్‌లో ఆవిడ పాడి పంపిన పాట పెట్టింది. గొంతు అలవాటవ్వాలని మూడు వారాలుగా రోజూ పెడుతోంది. ఫిన్ ఇప్పుడు పాట మొదలవగానే ఫోన్‌ను అరచేత్తో తడుతున్నాడు. చూసి సంతోషించాలనుకుంది కానీ చేతకాలేదు.

కాగితం అడుగున ఒక వాక్యానికి చోటు మిగిలింది. ఫిన్ నిద్రపోయేటప్పుడు ఆమె చెవి తమ్మె పట్టుకుంటాడు. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. రాయకపోతే ఏమవుతుంది? రెండు రాత్రులు ఏడుస్తాడు, తర్వాత మరిచిపోతాడు. ఆ ఒక్కటీ తన దగ్గరే ఉండిపోతుంది.

ఫిన్ ఆమె భుజం మీద వాలి, చెయ్యి చాపి, చెవిని వెతుక్కున్నాడు.

విబ్కె పెన్ను తీసుకుంది. ‘మీ చెవి పట్టుకోనివ్వండి. నొప్పి పుట్టదు, చాలా మృదువుగా పట్టుకుంటాడు.’ తోక మరిచిపోలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి గంట మోగింది. ఆవిడ చేతికర్ర మీద ఆనుకుని గుమ్మంలో నిలబడి ఉంది. విబ్కె ముందు కాగితం అందించింది. ఆవిడ నిలబడే పై నుంచి కింది దాకా చదివింది. ఆఖరి వాక్యం దగ్గర తెలియకుండానే తన చెవి తడుముకుంది. కర్ర గోడకు ఆనించి, చేతులు చాపింది.

విబ్కె ఫిన్‌ను మెల్లగా అందించింది. వాడు బిక్కమొహం వేసి ఇటు చూశాడు, అటు చూశాడు. ఆవిడ ఆ పాట సన్నగా అందుకుంది. వాడి చెయ్యి పాకుతూ వెళ్లి ఆవిడ చెవిని పట్టుకుంది.

ఆవిడ కాసేపు కళ్లు తెరవలేదు. తర్వాత వాడి ముఖం మీది జుట్టు తొలగించి, ఇంగ్లీషులో అడిగింది. “కళ్లు మూసుకుపోతున్నాయి పాపం. ఎందుకు కత్తిరించలేదు?”

విబ్కె మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

“కన్నతల్లి మీరుండగా నేనెలా కత్తిరిస్తాను?”